పక్క స్థలం దస్తావేజు

మన సంఘం ప్రత్యేక సంచికకు ఒక వ్యాసం రాయవలసిందిగా కార్యదర్శిగారు కోరినప్పుడు ఏ విషయం మీద రాయాలా అని చాలా రోజులు ఆలోచించాను. రిజిస్ట్రేషన్ శాఖలో జూనియర్ అసిస్టెంటుగా చేరి సబ్ రిజిస్ట్రారుగా పదవీ విరమణ చేసిన నాకు తెలిసినవల్లా దస్తావేజులు, హద్దులు, స్టాంపులు, ఈసీలు. సర్వీసులో ఉన్నంత కాలం వేల ఇళ్లు ఒక చేతి నుంచి మరొక చేతికి మారడం చూశాను. అయినా ఇంటి విలువ అనేది ఎక్కడ ఉంటుంది, ఎలా పోతుంది అన్న సంగతి మా బావగారి ఇంటి వ్యవహారం తరువాతా, అమెరికాలో ఒక గడ్డి మైదానం చూసిన తరువాతా గానీ నాకు పూర్తిగా అర్థం కాలేదు. ఆ రెండింటినీ సభ్యుల ముందు పెట్టడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం.

మనలో చాలామందికి ఆస్తి అంటే ఒక ఇల్లు. గ్రాట్యుటీ, కమ్యుటేషన్, పి.ఎఫ్., ఇంటావిడ గాజులు, ఇంకా చాలకపోతే హౌస్ బిల్డింగ్ అడ్వాన్సు కలిపి కట్టుకున్నదో కొనుక్కున్నదో ఆ ఒక్కటే. పెన్షన్ నెల నెలా వస్తుంది, ఖర్చయిపోతుంది. పిల్లలకు మిగిలేది ఆ ఇల్లే. పెద్ద జబ్బు చేస్తే అమ్ముకోగలమన్న ధైర్యం ఇచ్చేదీ అదే. కనుక ఇంటి ధర పడిపోవడమంటే మనలాంటి వారికి వ్యాపారంలో నష్టం లాంటిది కాదు. ముప్పై ఏళ్ల ఉద్యోగం తరిగిపోవడం లాంటిది.

బావగారి ఇల్లు

మా పెద్దక్క భర్త విద్యాశాఖలో పనిచేసి 1986లో రిటైరయ్యారు. ఊరికి దూరంగా, అప్పుడప్పుడే పెరుగుతున్న ఒక పారిశ్రామిక ప్రాంతానికి దగ్గరలో ఒక కొత్త కాలనీలో ఇల్లు చూశారు. గజం ధర తక్కువ. బస్సు సౌకర్యం ఉంది. నన్ను పిలిచి, "నువ్వు ఆ శాఖలో ఉన్నావు, కాగితాలు నువ్వు చూసి సరే అంటేనే కొంటాను" అన్నారు. లింకు డాక్యుమెంట్లన్నీ తెప్పించి చూశాను. ముప్పై ఏళ్లకు ఈసీ తీయించాను. ఎక్కడా తాకట్టు లేదు, కోర్టు అటాచ్‌మెంటు లేదు, వారసుల తగాదా లేదు. "కాగితాలు బంగారంలా ఉన్నాయి బావగారూ, కళ్లు మూసుకుని కొనండి" అన్నాను. ఆయన కొన్నారు.

ఏడెనిమిదేళ్లు గడిచేసరికి బోరు నీళ్లు రంగు మారాయి. ఉదయం బిందెలో పట్టిన నీరు మధ్యాహ్నానికి పసుపురంగు తేలేది. ఎసట్లో పోస్తే ఒక రకమైన వాసన. పెరట్లో మా అక్క పెంచిన కరివేపాకు చెట్టు మాడిపోయింది. కాలనీవాళ్లు ట్యాంకరు నీళ్లు కొనుక్కోవడం మొదలుపెట్టారు. కారణం ఏ ఫ్యాక్టరీయో ఎవరూ తేల్చలేదు. నాకూ తెలియదు కనుక నిందించను. కానీ కాలనీలో రెండు ఇళ్లు అమ్మకానికి పెట్టి, ఎవరూ కొనక ఊరకే ఉండిపోయాయి.

1995లో బావగారు ఇల్లు అమ్మి కొడుకు దగ్గరకు వెళ్లిపోదామనుకున్నారు. ఒక బేరం వచ్చింది. కొనే ఆయన వేరే ఊరి నుంచి వచ్చిన మాస్టారు, మరో ఏడాదిలో రిటైరవుతారు. అడ్వాన్సు ఇవ్వడానికి ఆదివారం వస్తానన్నారు. ఆ ముందు రాత్రి బావగారు నాతో, "నీళ్ల సంగతి చెప్పాలంటావా?" అని అడిగారు. నేను చెప్పిన జవాబు ఇప్పటికీ నాకు గుర్తుంది. "మీరెందుకు చెప్పడం బావగారూ? కాగితాలన్నీ సరిగ్గానే ఉన్నాయి కదా. ఆయన అడిగితే అప్పుడు చూద్దాం" అన్నాను. ఆయన ఏమీ అనలేదు. తరువాత జరిగింది చివర చెబుతాను. ముందు అమెరికా సంగతి చెప్పాలి. ఎందుకంటే నా జవాబులో తప్పేమిటో అక్కడే నాకు తెలిసింది.

జలపాతం పక్కన ఒక కాలువ

2014లో మా అమ్మాయి దగ్గరకు వెళ్లినప్పుడు అందరిలాగే నన్నూ నయాగరా జలపాతం చూడడానికి తీసుకువెళ్లారు. తిరుగు ప్రయాణంలో మా అల్లుడు, "మామయ్యగారూ, మీ శాఖకు సంబంధించిన చోటు ఒకటి ఇక్కడికి దగ్గర్లోనే ఉంది" అని కారు పక్క దారికి మళ్లించాడు. జలపాతం నుంచి కొద్ది మైళ్ల దూరంలో, ఇనుప కంచె వేసిన పెద్ద గడ్డి మైదానం. లోపల ఇల్లు లేదు, మనిషి లేడు. కంచె చుట్టూ ఉన్న రోడ్లు మాత్రం ఒకప్పుడు ఇక్కడ కాలనీ ఉండేదని చెబుతున్నాయి. దాని పేరు లవ్ కెనాల్. తిరిగి వచ్చాక దాని చరిత్ర శ్రద్ధగా చదివాను.

1890లలో విలియం లవ్ అనే వ్యాపారి నయాగరా నదికి ఎగువన, దిగువన ఉన్న భాగాలను కలుపుతూ ఒక కాలువ తవ్వి, ఆ నీటి వేగంతో విద్యుత్తు తీసి, ఒక ఆదర్శ నగరం కట్టాలని తలపెట్టాడు. ఆర్థిక మాంద్యం వచ్చి డబ్బు ఆగిపోయింది. అదే సమయంలో విద్యుత్తును దూర ప్రాంతాలకు పంపే విధానం రావడంతో జలపాతం పక్కనే ఊరు కట్టవలసిన అవసరమూ తగ్గింది. మిగిలింది దాదాపు మూడు వేల అడుగుల పొడవున్న ఒక గొయ్యి. ఆయన పేరే దానికి నిలిచింది.

కొంతకాలం ఆ గొయ్యిలో ఊరి చెత్త వేశారు. 1942 నుంచి హూకర్ అనే రసాయనాల కంపెనీ తన వ్యర్థాలను పీపాల్లో నింపి అక్కడ పూడ్చడం మొదలుపెట్టింది. 1953 నాటికి సుమారు 21 వేల టన్నులు పూడ్చి, పైన బంకమట్టి కప్పింది. అప్పటికి అది చట్ట విరుద్ధమేమీ కాదు. ఆ రోజుల్లో అలా పూడ్చడమే పద్ధతి.

అదే 1953లో ఊరి విద్యా బోర్డుకు కొత్త బడి కట్టడానికి స్థలం కావలసి వచ్చింది. యుద్ధానంతరం జనాభా పెరిగి, పిల్లలకు బడులు చాలడం లేదు. కంపెనీ ఆ స్థలాన్ని ఒక్క డాలరుకు బోర్డు పేర రాసి ఇచ్చింది. ఆ దస్తావేజులో ఒక షరతు ఉంది. ఈ స్థలం రసాయన వ్యర్థాలతో పూడ్చబడినదని, ఆ సంగతి తెలిసే కొంటున్నామని, దీనివల్ల ఎవరికి హాని జరిగినా, ప్రాణం పోయినా, ఆస్తి నష్టమైనా కంపెనీ బాధ్యత ఉండదని, ఇకముందు ఈ స్థలం ఎవరికి రాసి ఇచ్చినా ఇవే షరతులతో ఇవ్వాలని దాని సారాంశం. బోర్డు సంతకం చేసింది.

సబ్ రిజిస్ట్రారు కళ్లతో చూస్తే ఆ దస్తావేజులో లోపమే లేదు. ఉన్న సంగతి ఉన్నట్టు రాశారు. కొనేవారు తెలిసి కొన్నారు. ముందు ముందు కొనేవారికీ తెలియాలని రాశారు. కానీ ఆ సంగతి ఆ స్థలం కాగితాలలోనే ఉండిపోయింది. విషం మాత్రం ఆ హద్దుల లోపల ఉండలేదు.

హద్దు దాటిన నీరు

1955లో బడి తెరిచారు. మిగిలిన భూమిలో కొంత భాగాన్ని ఇళ్లకు ఇవ్వాలని బోర్డు ఆలోచించినప్పుడు, 1957లో కంపెనీ తరఫు న్యాయవాదే సమావేశానికి వచ్చి, అక్కడ ఇళ్ల కోసం తవ్వకాలు చేయడం మంచిది కాదని చెప్పాడు. అయినా కాలువకు రెండు పక్కలా వీధులు వేశారు, మురుగు గొట్టాల కోసం కాలువ గోడలు కోశారు. 1960లలో దక్షిణాన పెద్ద రహదారి రావడంతో, భూగర్భ జలం నది వైపు పోయే దారి మూసుకుపోయింది. పైన కప్పిన మట్టి పలచబడి వాననీరు లోపలికి దిగుతోంది. కింద బంకమట్టి ఉండడం వల్ల బయటికి పోయే దారి లేదు. మూత లేని తొట్టి నిండి పొర్లినట్టు, విషజలం పక్క ఇళ్ల నేలమాళిగల్లోకి ఊరడం మొదలైంది.

ఇక్కడ సభ్యులు ఒక విషయం గమనించాలి. కాలువకు ఆనుకుని ఇళ్లు కొన్నవారిలో ఎక్కువమంది కొన్నది కాలువ భూమి కాదు, పక్క భూమి. వారి లింకు డాక్యుమెంట్లన్నీ తీసి, వందేళ్లకు ఈసీ తీయించినా, ఆ 1953 దస్తావేజు కనబడదు. వారి హద్దుల్లో ఉండేదల్లా 'వెనుక: బడి స్థలం' అన్న మాట మాత్రమే. బడి పక్కన ఇల్లంటే ఎవరికైనా సంతోషమే కదా. పిల్లలు రోడ్డు దాటనవసరం లేదని కొన్నవారే చాలామంది. వారిలో అధికులు చుట్టుపక్కల ఫ్యాక్టరీల్లో పనిచేసే కార్మికులు, అప్పు తీసుకుని తొలిసారి సొంత ఇల్లు కొనుక్కున్నవారు.

1975-77 ప్రాంతంలో వానలు, మంచు ఎక్కువగా పడి నీటిమట్టం పెరిగింది. పెరట్లో తుప్పుపట్టిన పీపాలు పైకి తేలాయి. చెట్లు చచ్చిపోయాయి. స్థానిక పత్రిక ఈ సంగతి రాసింది. అంతకుముందు ఏళ్ల తరబడి ఆ వీధుల్లో ఇళ్లు అందరి ఇళ్లలాగే అమ్ముడవుతూ వచ్చాయి. విషం అప్పుడూ నేలలోనే ఉంది, పత్రికలో రాలేదు గనుక ధర తగ్గలేదు. నేల పాడైన రోజున ఇంటి ధర పడదు. పాడైందని పదిమందికీ తెలిసిన రోజున పడుతుంది. ఈ రెండు రోజుల మధ్య కాలంలో అమ్మినవాడు బయటపడతాడు, కొన్నవాడు చిక్కుకుంటాడు.

1978 ఆగస్టు 2న న్యూయార్క్ రాష్ట్ర ఆరోగ్య కమిషనర్ అక్కడ అత్యవసర పరిస్థితి ప్రకటించి, గర్భిణులు, రెండేళ్ల లోపు పిల్లలు ఖాళీ చేయాలని సూచించాడు. ఆ ప్రకటన విన్న మిగిలినవారి పరిస్థితి ఊహించండి. రెండేళ్ల బిడ్డకు పనికిరాని ఇల్లు మూడేళ్ల బిడ్డకు ఎలా పనికివస్తుంది? అలాంటి ఇల్లు ఎవరు కొంటారు? బ్యాంకు వాయిదాలు, ఇంటి పన్ను మాత్రం కట్టక తప్పదు. జనం గోల చేశారు. ఆగస్టు 7న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. కాలువకు దగ్గరి రెండు వరుసల్లోని 239 కుటుంబాల ఇళ్లను కొనడానికి రాష్ట్ర ప్రభుత్వం ఒప్పుకుంది. విషం సంగతి లేకపోతే ఆ ఇంటికి ఎంత ధర పలికేదో అంత ఇవ్వాలన్నది ఆ కొనుగోలులోని ముఖ్యాంశం. పాడైన నేల ధర కట్టి ఉంటే వారి చేతికి దాదాపు ఏమీ వచ్చేది కాదు.

కంచెకు అవతల, కంచెకు ఇవతల

ఆ 239 ఇళ్ల చుట్టూ కంచె వేశారు. కంచెకు బయట మరో ఏడు వందల కుటుంబాలదాకా మిగిలాయి. మీకు ప్రమాదం లేదు, ఉండవచ్చు అని వారికి చెప్పారు. ఎదురింటికి ప్రభుత్వం డబ్బిచ్చి కొని పలకలు బిగించి మూసేస్తే, ఈ పక్క ఇల్లు క్షేమమని ఏ కొనుగోలుదారు నమ్ముతాడు? ఉండలేరు, అమ్ముకోలేరు, వదిలిపోతే అప్పు మీద పడుతుంది.

వారి తరఫున పోరాడింది లోయిస్ గిబ్స్ అనే ఒక సాధారణ గృహిణి. అప్పటికి ఆమె వయస్సు 27 ఏళ్లు. ఆమె కొడుకు ఆ బడిలోనే చదివేవాడు, తరచు జబ్బుపడేవాడు. బడి మార్చమని అడిగితే అధికారులు ఒప్పుకోలేదు. ఆమె ఇంటింటికీ తిరిగి సంతకాలు సేకరించి, ఇళ్ల యజమానుల సంఘం పెట్టింది. సంఘం అంటే ఏమిటో మనకు తెలుసు. ఒక్కడు పెట్టే అర్జీకి, నాలుగు వందల సంతకాల అర్జీకి తేడా ఎంతో డి.ఎ. బకాయిల విషయంలో మనమంతా చూశాం.

1980 మే నెలలో అక్కడి నివాసులు కొందరికి క్రోమోజోముల్లో లోపాలు కనిపించాయని ఒక ప్రకటన వెలువడింది. పోల్చి చూడడానికి వేరే ప్రాంతంవారిని పరీక్షించకుండా చేసిన అధ్యయనమని దానిపై తరువాత తీవ్ర విమర్శలు వచ్చాయి. కానీ ఆనాటి భయానికి అది చాలింది. కోపంతో ఉన్న జనం ఇద్దరు కేంద్ర అధికారులను సంఘం ఆఫీసులో కొన్ని గంటలపాటు బయటికి పోనివ్వలేదు. రెండు రోజులకు, మే 21న, కార్టర్ రెండోసారి అత్యవసర పరిస్థితి ప్రకటించాడు. ఆ సంవత్సరమే మిగిలిన ఇళ్లు కొనడానికీ నిధులు మంజూరయ్యాయి.

ఈ కథలో సాధారణంగా ఎవరూ చెప్పని భాగం ఒకటి ఉంది. కాలువకు పడమటి పక్క గ్రిఫన్ మేనర్ అని ప్రభుత్వం కట్టించిన అద్దె ఇళ్లు ఉండేవి. అందులో ఎక్కువమంది నల్లజాతి కుటుంబాలవారు. వారూ అదే గాలి పీల్చారు, వారి పిల్లలూ అదే బడికి వెళ్లారు. కానీ వారి చేతిలో దస్తావేజు లేదు కనుక కొనడానికి ఇల్లూ లేదు, ధరా లేదు. ఇంటి విలువ లెక్కన నష్టం కొలిస్తే, ఇల్లు లేనివాడి నష్టం సున్నా అవుతుంది. ఈ కొలతలోని లోపం అదే.

చట్టం, లెక్కలు

1980 డిసెంబరు 11న అమెరికాలో సూపర్‌ఫండ్ అని పిలిచే చట్టం వచ్చింది. పాడైన స్థలాన్ని శుభ్రం చేసే ఖర్చు పాడుచేసినవారి నుంచి రాబట్టాలన్నది దాని సూత్రం. ఆ సూత్రం మీదే హూకర్‌ను కొన్న ఆక్సిడెంటల్ కంపెనీ 1994లో రాష్ట్రానికి 9.8 కోట్ల డాలర్లు, 1995లో కేంద్రానికి 12.9 కోట్ల డాలర్లు ఇవ్వడానికి ఒప్పుకుంది. 'మా బాధ్యత లేదు' అని దస్తావేజులో రాసుకున్న షరతు దాన్ని కాపాడలేదు.

1986లో ఆ చట్టానికి ఒక సవరణ వచ్చింది. స్థలం కొన్నవాడు తనకేమీ తెలియదని తప్పించుకోవాలంటే, కొనే ముందు ఆ స్థలం పూర్వ చరిత్ర గురించి తగిన విచారణ చేసినట్టు చూపాలి. దానితో అక్కడ వ్యాపార స్థలాల కొనుగోళ్లలో పాత పటాలు, పాత విమాన చిత్రాలు, చుట్టుపక్కల స్థలాల రికార్డులు కూడా చూసే పద్ధతి స్థిరపడింది. పక్క స్థలం దస్తావేజు కూడా చూడడమంటే ఇదే.

శుభ్రం చేస్తే పోయిన ధర తిరిగి వస్తుందా అన్నది తరువాతి ప్రశ్న. లవ్ కెనాల్‌లో కొన్ని భాగాలు నివాసయోగ్యమని 1988లో తేల్చి, 1990లో బాగుచేసిన ఇళ్లను అమ్మకానికి పెట్టారు. పేరు బ్లాక్ క్రీక్ విలేజ్ అని మార్చారు. ధర చుట్టుపక్కలకంటే తక్కువ పెట్టినా, బ్యాంకులు మొదట్లో రుణాలివ్వడానికి జంకాయి. 2004లో ఆ స్థలాన్ని ప్రమాద స్థలాల జాబితా నుంచి తీసివేశారు. అయినా తరువాతి సంవత్సరాలలో కొత్త నివాసులు కొందరు మళ్లీ కోర్టుకు వెళ్లారు.

ఆర్థిక శాస్త్రవేత్తలు దీన్ని లెక్కలతోనూ పరిశీలించారు. గాలి కాలుష్యానికి, ఇళ్ల ధరలకు ఉన్న సంబంధాన్ని సెయింట్ లూయీ నగరంలో లెక్కగట్టిన ప్రసిద్ధ అధ్యయనం 1967లోనే వచ్చింది. 2008లో గ్రీన్‌స్టోన్, గాలఘర్ అనే ఇద్దరు పండితులు సూపర్‌ఫండ్ కింద శుభ్రం చేసిన స్థలాల చుట్టూ ఇళ్ల ధరలు చూసి, చెప్పుకోదగ్గంత పెరుగుదల లేదన్నారు. 2015లో కరీ మొదలైన నలుగురు, విషపదార్థాలు వదిలే 1,600 ఫ్యాక్టరీలు తెరిచినప్పుడు, మూసినప్పుడు ఏమైందో పరిశీలించారు. అర మైలు లోపలి ఇళ్ల ధరలు ఫ్యాక్టరీ తెరిచాక 11 శాతం తగ్గాయని తేలింది. మన లెక్కలో అర మైలంటే ముప్పావు కిలోమీటరు. సాయంత్రం నడకకు వెళ్లే దూరం. మచ్చ త్వరగా పడుతుంది, నెమ్మదిగా పోతుంది అని ఈ లెక్కల సారాంశం.

మన దగ్గర

ఇదంతా అమెరికా గొడవ అనుకోవడానికి లేదు. 1970ల నుంచి ఫ్యాక్టరీలు వచ్చిన పటాన్‌చెరు, బొల్లారం ప్రాంతంలో నక్కవాగు పొడుగునా రైతుల పొలాలు, బావులు పాడైన సంగతి 1990లోనే సుప్రీంకోర్టుదాకా వెళ్లింది. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి దేశంలో 88 పారిశ్రామిక ప్రాంతాలను పరిశీలించి 43 ప్రాంతాలను తీవ్ర కాలుష్య ప్రాంతాలుగా గుర్తించింది. అందులో పటాన్‌చెరు-బొల్లారం, విశాఖపట్నం రెండూ ఉన్నాయి. విశాఖలో 1961లో ఊరికి దూరంగా పెట్టిన పాలిమర్ల ఫ్యాక్టరీ చుట్టూ తరువాతి అరవై ఏళ్లలో కాలనీలు పెరిగాయి. 2020 మే 7 తెల్లవారుజామున అక్కడి నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి వెంకటాపురం పరిసరాల్లో 12 మంది చనిపోయారు. అక్కడ ఇల్లు కట్టుకున్నవారి దస్తావేజుల్లో తప్పు ఏముంటుంది? ఆ ఆవిరి పక్క స్థలం నుంచి వచ్చింది.

మన చట్టంలోనూ దీనికి సంబంధించిన మాట ఒకటి ఉంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, కొనేవాడు మామూలు జాగ్రత్తతో కనుక్కోలేని ముఖ్యమైన లోపం ఆస్తిలో ఉండి, అది అమ్మేవాడికి తెలిసి ఉంటే, చెప్పవలసిన బాధ్యత అమ్మేవాడిదే. ఈ సెక్షను నేను శాఖా పరీక్షలకు చదివి రాశాను. 1995లో ఆ శనివారం రాత్రి మాత్రం గుర్తు రాలేదు, లేదా గుర్తు తెచ్చుకోలేదు.

కనుక సభ్యులకూ, వారి పిల్లలకూ నా మనవి. ఇల్లు కొనేటప్పుడు ఈసీ తీయించండి, తప్పదు. కానీ ఈసీ చెప్పేది రిజిస్టరైన లావాదేవీలే. నేల లోపల ఏముందో, గోడ అవతల ఏముందో అది చెప్పదు. రిజిస్ట్రారు దాన్ని చూడడు, చూడవలసిన పనీ లేదు. నాలుగు హద్దుల అవతల ఏముందో, ముప్పై ఏళ్ల క్రితం ఏముండేదో ఆ ఊరి పాతకాపులను అడగండి. చెరువా, చెత్త గుంటా, పాత ఫ్యాక్టరీయా? ఎండాకాలంలో ఒకసారి, వాన వెలిశాక ఒకసారి వెళ్లండి. రాత్రి పూట కూడా ఒకసారి వెళ్లి గాలి చూడండి. బోరు నీళ్లు పరీక్ష చేయించండి. దగ్గరలోని ఫ్యాక్టరీకి ఏ అనుమతులున్నాయో, నీటి పరీక్షల ఫలితాలేమిటో 2005 సమాచార హక్కు చట్టం కింద కాలుష్య నియంత్రణ మండలిని అడగవచ్చు. ఇప్పటికే నష్టపోయినవారు జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్లి ఆస్తి నష్టానికి పరిహారం కోరవచ్చు. అయితే నష్టానికి కారణం ఏర్పడిన అయిదేళ్లలోపు వెళ్లాలి. ఒక్కరుగా కాక కాలనీ సంఘంగా వెళ్లండి.

చివరి మాట

ఆదివారం ఉదయం మాస్టారు భార్యతో సహా వచ్చారు. పళ్లూ తాంబూలమూ తెచ్చారు. మా అక్క కాఫీ ఇచ్చింది. కాఫీ అయ్యాక బావగారు లేచి లోపలికి వెళ్లి, రాత్రి బోరు నుంచి పట్టి మూతపెట్టి ఉంచిన గ్లాసుడు నీళ్లు తెచ్చి మాస్టారి ముందు బల్ల మీద పెట్టారు. "ఇవి మా ఇంటి నీళ్లండీ. మేము తాగేది ట్యాంకరు నీళ్లు. ఇది చూసి నిర్ణయించుకోండి" అన్నారు. మాస్టారు ఆ గ్లాసు వంక కాసేపు చూశారు. నమస్కారం పెట్టి, తాంబూలం అక్కడే ఉంచి వెళ్లిపోయారు.

ఆ ఇల్లు మరో రెండేళ్లకు, ఆ బేరంలో సగానికన్నా తక్కువకు, గోడౌను కోసం వెతుక్కుంటున్న ఒకాయన కొన్నాడు. నీళ్ల సంగతి చెప్పే అమ్మారు. మా మేనకోడలి పెళ్లికి అప్పు చేయవలసి వచ్చింది. ఆ అప్పు తీరేవరకు మా అక్క ఒక్క మాట అనలేదు. నేను ఒకసారి, "ఆ రోజు నేను చెప్పినట్టు ఊరుకుని ఉంటే..." అనబోతే, బావగారు, "నాకు ఎవరూ చెప్పలేదు, అందుకని నేనూ చెప్పకూడదా?" అన్నారు. అంతకన్నా ఏమీ అనలేదు. ఆయన ఇప్పుడు లేరు.

లవ్ కెనాల్ దస్తావేజులో సంగతి రాశారు, కానీ పక్కవారి దగ్గరకు వెళ్లి ఎవరూ చెప్పలేదు. మా బావగారి దస్తావేజులో ఏమీ లేదు, ఆయనే చెప్పారు. ముప్పై మూడేళ్లు కాగితాల మధ్య గడిపినవాడిగా ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూశాను. ఇంటి విలువ తగ్గినా మనిషి విలువ తగ్గకుండా అమ్మిన వ్యవహారం నా సర్వీసు మొత్తంలో నాకు తెలిసినంతవరకు అదొక్కటే. అది మా ఆఫీసు పుస్తకాల్లో ఎక్కడా నమోదు కాలేదు కనుక, మన సంచికలోనైనా నమోదు కావాలని ఇలా రాశాను.